అందరూ ఒప్పుకున్నట్టే

బస్సు చివరి స్టాపులో ఆగింది. డ్రైవరమ్మ హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజన్ ఆపి, తలుపులు తెరిచింది. దిగాల్సినవాళ్ళు దిగారు. ఎవరైనా నిద్రపోయి ఉంటే లేపడం కూడా డ్రైవరు పనే కాబట్టి, అద్దంలో వెనక సీటు దాకా చూసుకుంది. ఎవరూ లేరు. సంచీ భుజాన వేసుకుని, రోడ్డుకి అవతల ఉన్న రేకుల గదివైపు పరుగులాంటి నడక నడిచింది.

ఆ గదిలో గొప్పగా ఏమీ లేదు. ఒక బల్ల, గోడకో ఫ్యాను, వెనకాల మరుగుదొడ్డి, దాని పక్కన కుళాయి. తలుపు గొళ్ళెం మామూలుగా పడదు, తలుపుని కాస్త పైకెత్తి నొక్కాలి. అయినా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రూటు మొత్తమ్మీద ఆమె వేసుకోగలిగిన తలుపు అదొక్కటే. మగవాళ్ళకేం, ఎక్కడ గోడ కనిపిస్తే అక్కడే సరిపెట్టుకుంటారు. పోయిన చలికాలంలో నీళ్ళు తాగకుండా బండి నడిపీ నడిపీ, మూత్రంలో చీము చేరి, వణుకుజ్వరంతో ఆసుపత్రిలో పడింది. "నీళ్ళు బాగా తాగాలమ్మా" అంది డాక్టరు, అదేదో తనకి తెలియనట్టు. తాగితే ఆ తర్వాత సంగతేంటో డాక్టరు చెప్పలేదు, ఈమె అడగలేదు. ఈ రూటుకి మారాకే, ఇక్కడ బండి పావుగంట ఆగుతుందన్న ధైర్యంతో సీసా నింపుకోవడం మొదలుపెట్టింది.

తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని బల్లమీద కూర్చుని ఫోను తీసింది. బండి కదులుతున్నంతసేపూ ఫోను ఆపేసి సంచీలో పడేయాలన్నది డిపో నియమం. కాబట్టి లోకం ఆమెతో ఏం చెప్పాలన్నా ఈ పావుగంటలోనే చెప్పాలి.

"మన రూటు మన మాట" గ్రూపు నిండిపోయి ఉంది. ఆ రూటు మీద బండి నడిపేవాళ్ళందరూ అందులో ఉన్నారు. నడిపించేది డిపో టైంకీపరు గారు. ఆయన పద్ధతి ప్రకారం అక్కడ ఓట్లుండవు. అందరూ సరే అంటేనే ఏ పనైనా జరుగుతుంది, ఒక్కరు కాదన్నా ఆగుతుంది. "మనం ఒక ఇంటివాళ్ళం. ఇంట్లో ఓట్లేసుకుంటామా?" అంటారాయన. వినడానికి ఎంత బాగుంది! అయితే దాని వెనకాల పైకి చెప్పని పద్ధతి ఇంకోటుంది. నోరు మెదపనివాడు సరే అన్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. టైంకీపరు గారు అంతటితో ఆగరు, దాన్ని నిండు అంగీకారం చేసేస్తారు.

పైన ఆయన మెసేజ్ ఉంది. "మేనేజర్ గారు మనకో మంచి అవకాశం ఇచ్చారు. చివరి స్టాపులో ఆగే పావుగంట మానేసి, బండి తిప్పుకుని వెంటనే వచ్చేస్తే రోజుకో ట్రిప్పు కలిసొస్తుంది. అందుకు బదులుగా వారం విడిచి వారం మనకి ఆదివారం సెలవు. ఎలాగూ వాడం కాబట్టి ఆ గదిని పార్సిళ్ళు పెట్టుకోవడానికి తీసుకుంటారు. బలవంతం లేదు. అందరికీ ఇష్టమైతేనే. ఎల్లుండి మధ్యాహ్నంలోగా మన మాట చెప్పాలి."

దాని కింద బొటనవేళ్ళు, చప్పట్లు, పూలగుత్తులు. అందరికంటే పెద్ద డ్రైవరు, అందరూ బాబాయి అని పిలిచే ఆయన, "మంచి నిర్ణయం" అని రాశాడు. ఈమధ్యే చేరిన కొత్తమ్మాయి "సరే సర్" అంది. మీసాల డ్రైవరైతే "ఆదివారం! ఆదివారం!" అని ఊగిపోయాడు. అన్నింటికంటే కింద మళ్ళీ టైంకీపరు గారు. "అందరూ ఒప్పుకున్నట్టే. డ్రైవరమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె కూడా కాదనదని నా నమ్మకం."

ఆమెకి ఒళ్ళు మండింది. తను బండి నడుపుతుండగా తన గది అమ్మేసి, పైగా నమ్మకమట! రెండుసార్లు తప్పు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టింది.

"నేను ఒప్పుకోను. ఆ పావుగంట కావాలి. ఆ గది కావాలి."

ఫోను ఆపి సంచీలో పడేసి, వెళ్ళి బండెక్కింది.

సాయంత్రం డిపోలో బండి అప్పజెప్పి వస్తుంటే బళ్ళు కడిగేచోట మీసాల డ్రైవరు దారికి అడ్డంగా నిలబడ్డాడు. చుట్టూ ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. బాబాయి అక్కడే కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

"ఏంటక్కా ఇది? అందరి నోటికాడ కూడు తీసేస్తావా?"

"నీ నోటికాడ కూడు నేనెక్కడ తీశాను తమ్ముడూ? నా గది ఉంచమన్నాను."

"ఒక్క మాట చెప్తా విను. మా ఆవిడ నైట్ డ్యూటీ నర్సు. నేనింటికి చేరేసరికి తను బయల్దేరుతూ ఉంటుంది. గుమ్మంలో తాళంచెవి ఇచ్చిపుచ్చుకుంటాం. అదే మా కాపురం. ఒక్క ఆదివారం ఇద్దరం కలిసి టీ తాగుదామంటే నీకు కళ్ళమంటా?"

అతను అబద్ధం చెప్పడం లేదు. డ్రైవరమ్మకి జాలేసింది, ఆ జాలి వేసినందుకు చిరాకూ వేసింది.

"ఆదివారం అడుగు. నేనూ నీ పక్కన నిలబడి అడుగుతా. కానీ దానికి నా మరుగుదొడ్డి ఎందుకు తాకట్టు పెడతావు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"తప్పమ్మా. నలుగురితో ఉన్నప్పుడు నలుగురి మాటా వినాలి. ఇంతమంది సరే అన్నాక నువ్వొక్కదానివి మొండికేస్తే ఏం బాగుంటుంది? నీ కూతురికి చెప్పాల్సిన వయసు నీది, నేను నీకు చెప్పాలా?" అన్నాడు అందరికీ వినబడేలా.

ఆయనతో వాదించబుద్ధి కాలేదు ఆమెకి. ముప్ఫై ఏళ్ళు స్టీరింగు పట్టిన మనిషి. ఆమెకి ఈ రూటులో మొదటిరోజు ప్రతి మలుపూ పక్కన కూర్చుని చెప్పింది ఆయనే. టైర్ల షెడ్డు వెనకనుంచి గేటువైపు నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో వెనకనుంచి గబగబా చెప్పుల చప్పుడు.

"తల్లీ, ఆగు."

బాబాయే. అటూ ఇటూ చూసి, పాత టైర్ల దొంతర చాటుకి జరిగాడు.

"నువ్వు గట్టిగా నిలబడు. ఏమైనా సరే ఒప్పుకోకు."

"అదేంటి బాబాయ్? ఇప్పుడేగా అక్కడ..."

"అక్కడ అన్నది వేరు. నాకు షుగరమ్మా. ఆ గది లేకపోతే నా వల్ల కాదు. పైవాళ్ళకి తెలిస్తే స్టీరింగు పీకేసి గేటు దగ్గర కాపలాకి స్టూలు వేస్తారు. నువ్వయితే ఆడదానివి, గది కావాలన్నా ఎవరూ తప్పు పట్టరు. నాకేం చెప్పుకోను, నగుబాటు తప్ప." తువ్వాలు అంచు వేలికి చుట్టి విప్పుతున్నాడు. "నా పేరు మాత్రం రానీకు. నీకు పుణ్యముంటుంది."

ఆమె సరేనని తలూపింది. ఆయన వచ్చినంత గబగబా వెళ్ళిపోయాడు. గేటు దాటాక ఫోను తీస్తే కొత్తమ్మాయి విడిగా పంపిన మెసేజ్ ఉంది. "అక్కా, మీ కాళ్ళకి మొక్కుతాను, ఒప్పుకోకండి. నేనింకా పర్మనెంట్ కాలేదు, అందుకే సరే అన్నాను."

మర్నాడంతా అదే వరస, విడిగా ఇంకొందరి బతిమాలాటలు. బండి నడిపినంతసేపూ రోడ్డు, ఆపినప్పుడల్లా ఫోను. గ్రూపులో ఆమెని చీల్చి చెండాడుతున్నారు. "ఒక్కరి పట్టుదల వల్ల అందరి ఆదివారం పోతోంది" అని ఒకరు. "కొందరికి కుటుంబాలంటే లెక్కలేదు" అని ఇంకొకరు. ఎవరి పేరూ రాయకుండా తిట్టడంలో ఆ గ్రూపుది అందెవేసిన చెయ్యి. టైంకీపరు గారు తీయగా, "అభిప్రాయభేదాలు సహజం. ఆమె మనసు మార్చుకునేదాకా ఓపిక పడదాం" అని రాసి, ఓపికంతా ఆమె మీదే పడేశారు.

మధ్యాహ్నం, ఆమె చివరి స్టాపులో ఉండగా, పొడుగాయన ఫోను చేశాడు. ఆ రూటులో అందరికంటే పొడుగు. సీటు ఎంత వెనక్కి జరిపినా మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలే మనిషి.

"వదినా, ఒక్క ముక్క. నా నడుం సంగతి నీకు తెలుసుగా. చివర్లో ఆ బల్లమీద కాసేపు వెల్లకిలా పడుకోకపోతే తిరుగు ట్రిప్పులో బ్రేకు మీద కాలు నిలవదు. నువ్వు పట్టు వదలకు, ఏం?"

"ఆ మాట గ్రూపులో రాయి మరిదీ."

"భలేదానివే! మీసాలాడు నన్ను బతకనిస్తాడా? నువ్వు ఎలాగూ అడ్డుపడ్డావు. ఒకళ్ళు కాదంటే చాలుగా. ఇంకొకళ్ళెందుకు చెడ్డవాళ్ళవడం?"

ఫోను పెట్టేసిన కాసేపటికి గ్రూపు తెరిచింది. పొడుగాయన రాసింది అన్నింటికంటే కింద మెరుస్తూ ఉంది.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి!" పక్కన మూడు నవ్వు బొమ్మలు.

డ్రైవరమ్మ ఆ మెసేజ్ వంక చాలాసేపు చూసింది. నిన్నటినుంచి తిట్లు పడుతూనే ఉంది, ఏ తిట్టూ ఇంత నొప్పి పెట్టలేదు.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు కిటికీ పక్కన కూర్చుని కుట్టుపని చేస్తోంది. దర్జీ దుకాణం నుంచి చొక్కాలు తెచ్చుకుని గుండీలు కుడుతుంది. కళ్ళజోడు ముక్కు కొసకి జారినా, సూది మాత్రం ఒక్కసారికూడా తప్పు బెజ్జంలో దిగదు. కోడలు చెప్పులు విడిచిన తీరు చూసే, "ఎవరినైనా గుద్దొచ్చావా ఏంటి?" అంది.

"గుద్దాలనే ఉంది అత్తయ్యా."

పక్కనే చాపమీద కూలబడి, సంచీలోంచి అన్నం డబ్బా తీస్తూ జరిగిందంతా చెప్పుకొచ్చింది. బాబాయి పేరు చెప్పనని మాటిచ్చింది కాబట్టి "ఒక పెద్దాయన" అంది. అత్తగారు దారం పళ్ళతో కొరికి, ఇంకో గుండీ అందుకుంది.

"నీ చెవిలో చెప్పినవాళ్ళు చాలామందేనా?"

"చాలామందే."

"పదిమందిలో చెప్పినవాళ్ళు?"

"ఒక్కరూ లేరు."

"అయితే నువ్వు వాళ్ళ చేలో దిష్టిబొమ్మవే పిల్లా. ఎండకి ఎండేదీ, వానకి తడిసేదీ, కాకులతో రెట్టలు వేయించుకునేదీ నువ్వు. గింజలు మాత్రం వాళ్ళింటికి." చొక్కా విదిలించి, గుండీ గట్టిగా లాగి చూసింది. "పైగా వచ్చేవాడూ పోయేవాడూ చూసి, అబ్బ, ఎంత వికారంగా ఉందో అనుకుంటాడు. ఆ చేను ఆసామి కూడా అదే అంటాడు."

డ్రైవరమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరైతే నేను తప్పుకుంటే గది పోతుందిగా?"

"పోవచ్చు."

"పోతే నా గతేంటి?"

"నన్నడుగుతావేం? నాకు గుండీలు కుట్టడం తెలుసు. బస్సు నడిపేది నువ్వు." కాసేపాగి, గొంతు తగ్గించి అంది. "ఒకటి మాత్రం చెప్తా. బొమ్మని పీకేస్తేగానీ, చేను ఎవరిదో వాళ్ళు కర్ర పుచ్చుకుని రారు. వస్తారో రారో అది వాళ్ళ మగతనం."

"అందులో ఆడపిల్ల కూడా ఉంది అత్తయ్యా."

"అయితే ఆవిడే ముందొస్తుందేమో. ఆ డబ్బా కడిగిపెట్టు, ఎండిపోతుంది."

పొద్దున్న డిపోలో డ్రైవరమ్మ రోజూ చేసే పనులే చేసింది. టైర్లు కాలితో తన్ని చూసింది. ఆయిల్ పుల్ల తీసి, గుడ్డకి తుడిచి, ముంచి, మళ్ళీ చూసింది. అద్దం తుడిచింది. సీటు ముందుకి జరుపుకుని, బ్రేకుల గాలి మీటరు ముల్లు ఎక్కేదాకా ఇంజన్ నడవనిచ్చింది. ఆ ముల్లు ఎక్కుతుండగా ఫోను తీసి గ్రూపులో రాసింది.

"నేను ఒప్పుకుంటున్నాను. నాకిక అభ్యంతరం లేదు. ఇవాళ్టినుంచి ఎవరి అవసరం వాళ్ళే చెప్పుకోండి, నన్ను అడ్డం పెట్టుకోకండి."

చెయ్యి తీస్తే మనసు మారుతుందేమోనని వెంటనే నొక్కేసింది. టైంకీపరు గారి బొటనవేలు అక్కడే కాచుకుని ఉన్నట్టు టక్కున పడింది. ఫోను ఆపి, సంచీలో వేసి, జిప్పు లాగి, బండి కదిలించింది.

రెండో స్టాపు దాటేసరికి భయం పట్టుకుంది. ఏం చేశాను? వాళ్ళు నోళ్ళు కుట్టుకు కూర్చుంటే? మధ్యాహ్నానికల్లా మేనేజర్‌కి మాట వెళ్ళిపోతుంది. గదికి తాళం పడుతుంది. అందులో అట్టపెట్టెలు చేరతాయి. కాదన్నదే తనొక్కతి, ఆ కాదనడాన్ని కూడా తన చేత్తోనే చెరిపేసింది. రేపు ఎవరిమీద ఏడవాలన్నా కుదరదు. పౌరుషానికి పోయి కొరివితో తల గోక్కున్నానా? పక్కనున్న నీళ్ళసీసా వంక చూడ్డానికి కూడా భయమేసింది. జిప్పు తీసి ఆ మెసేజ్ చెరిపేయొచ్చు, సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడ్డప్పుడు ఎవరు చూస్తారు? చెయ్యి సంచీ దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకుని గేరు మీద పెట్టింది. ఉండనీ. వాళ్ళ కోసం ఇక నోరు నొప్పెట్టించుకోను. వాళ్ళ రంగు బయటపడనీ, నా గది పోతే పోనీ.

వంతెన దిగుతుండగా బాబాయి బండి ఎదురొచ్చింది. ఆయన అప్పటికే చివరి స్టాపులో తన పావుగంట ముగించుకుని, ఫోను చూసుకుని తిరిగొస్తున్నాడు. ఎదురుపడ్డప్పుడు స్టీరింగు మీదనుంచి అరచెయ్యి ఎత్తడం డ్రైవర్ల మర్యాద. అడ్డంగా వాదులాడుకున్న మర్నాడైనా అది తప్పదు. ఆమె చెయ్యి ఎత్తింది. బాబాయి ఎత్తలేదు. రెండు చేతులూ స్టీరింగుని పట్టుకునే ఉన్నాయి, కళ్ళు మాత్రం ఆమెని చూశాయి. ఎవరో నడిరోడ్డు మీద ఒంటిమీద గుడ్డ లాగేసినట్టుంది ఆయన మొహం. బండి దాటిపోయింది.

డ్రైవరమ్మ గుండె కలుక్కుమంది. అయినా మనసు మార్చుకోలేదు. ఆడదానికి సిగ్గుండదా, నాకు లేదా ఆ నగుబాటు? మరుగుదొడ్డి, మరుగుదొడ్డి అని పదిమంది మగాళ్ళ మధ్య మూడ్రోజులుగా నేను అరవలేదా? అనుకుంటూ హారన్ కాస్త ఎక్కువసేపే నొక్కింది.

చివరి స్టాపు. హ్యాండ్‌బ్రేకు, ఇంజన్, తలుపులు. వెనక సీటు దాకా అద్దంలో చూపు. ఫోను తీయలేదు. ముందు గదికెళ్ళింది, తలుపు పైకెత్తి గొళ్ళెం నొక్కింది. ఇదే ఆఖరుసారి కావచ్చు, తొందరెందుకు? చేతులు కడుక్కుని, మొహం కడుక్కుని, బల్లమీద కూర్చుని అప్పుడు తీసింది.

పొద్దున ఆమె మాట కింద టైంకీపరు గారి సంబరం. "అందరూ ఒప్పుకున్నట్టే! ఏకాభిప్రాయం! మన గ్రూపుకి గర్వకారణం. మేనేజర్ గారికి చెబుతున్నాను." ఆ కింద చాలాసేపు ఏమీ లేదు. బొటనవేళ్ళు లేవు, పూలు లేవు. ఆ తర్వాత బాబాయి.

"ఆగండి. నేను ఒప్పుకోను. నాకు షుగరు. ఆ గది లేకపోతే సీట్లోనే అయిపోతుంది. ఒకసారి అయింది కూడా. బండి నేనే కడుక్కున్నాను. ఆ అమ్మాయిని అందరి ముందూ తిట్టింది నేనే, చాటుగా బతిమాలిందీ నేనే. గేటు దగ్గర కూర్చోబెడితే కూర్చుంటాను."

ఆమె అది రెండుసార్లు చదివింది. రెండోసారి అక్షరాలు అలుక్కుపోయాయి.

కింద కొత్తమ్మాయి. "నేనూ ఒప్పుకోను సర్. మొన్న సరే అన్నది భయంతో." పొడుగాయన నడుం గురించి ఒక పేరా రాశాడు, ఉలిపికట్టె ఊసెత్తలేదు. తర్వాత వరసగా నేను కూడా, నేను కూడా. మధ్యలో మీసాల డ్రైవరు. "ఓహో! అందరూ మహానుభావులే! మరి నా ఆదివారం గంగలో కలిసినట్టేనా?"

దానికి బాబాయి. "నీ ఆదివారం నేనడుగుతానురా. మధ్యాహ్నం ఖాళీ బళ్ళు తిప్పే ట్రిప్పు ఒకటుంది, ఈగలు తప్ప ఎక్కేవాడు లేడు. అది తీసేసి ఇమ్మందాం. అందరం వెళ్ళి అడుగుదాం. గది ఇచ్చి కాదు."

అక్కడ గ్రూపు మొదటిసారి నిజంగా పోట్లాడుకుంది. ఆ ట్రిప్పు తీస్తే బడిపిల్లలు ఏం కావాలని ఒకరు. బడి వదిలేది దాని తర్వాత కదా అని ఇంకొకరు. పేర్లు పెట్టి మరీ తిట్టుకున్నారు, పేర్లు పెట్టి మరీ మెచ్చుకున్నారు. అన్నింటికంటే కింద మీసాల డ్రైవరు ఉన్నాడు. "సరే బాబాయ్. మాట తప్పితే నీ గేటు దగ్గరికొచ్చి కూర్చుంటా. నేనూ ఒప్పుకోను."

ఫోను మోగింది. టైంకీపరు గారు.

"అమ్మాయ్, ఏంటీ గోల? ఒక్కరూ మిగలకుండా కాదంటున్నారు! మేనేజర్ గారికి పొద్దునే సరే అని చెప్పేశాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"నన్నేం చెయ్యమంటారు టైంకీపర్ గారూ? నేను మీ మాట విన్నానుగా. ఒప్పుకున్నాను."

"అదేగా నా బాధ! గ్రూపు మొత్తానికీ ఒప్పుకున్నది నువ్వొక్కదానివే. ఇప్పుడు కనీసం కాదనడంలోనైనా అందరం ఒక్క మాటమీద ఉన్నామని చెప్పుకుంటాను. నువ్వు కూడా కాదన్నట్టు రాసుకోనా?"

"రాసుకోకండి."

"అదేంటమ్మా! గది కావాలని మొన్నంతా చంపుకుతిన్నది నువ్వేగా?"

"మొన్న పట్టు వదలొద్దని నాకు చాటుగా చెప్పారు. ఇవాళ మళ్ళీ నా మనసు మార్చమనండి. కాకపోతే చెవిలో కాదు, గ్రూపులో. ఒక్కొక్కరూ పేరుతో రాయాలి. డ్రైవరమ్మా, మాకూ ఆ గది కావాలి, నువ్వు కూడా మాతో కలువు అని. మీరు కూడా రాయాలి. అందరివీ చదువుకుని, అప్పుడు ఆలోచిస్తాను."

అవతల టైంకీపరు గారు ఏదో అనబోయి ఆగిపోయారు. ఆయన మౌనాన్ని ఆమె ఏ అంగీకారంగానూ లెక్క వేసుకోలేదు. ఫోను పెట్టేసింది.

బండెక్కి సీట్లో కూర్చుంది. అప్పటికే నలుగురైదుగురు ఎక్కి కూర్చున్నారు. ముందు సీట్లో కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ చేతి గడియారం చూసుకుని, "డ్రైవరమ్మా, మనిషివి వచ్చేశావుగా, ఇంకా కదలదా?" అంది.

"కదుల్తుందమ్మా" అంది ఆమె, సీటుకి వెనక్కి ఆనుకుంటూ. "నా పావుగంట ఇంకా అవలేదు."